సుమేధాదేవి బ్రహ్మను నిలదీసిన వైనం

పూర్వం కృతయుగపు నడిమి భాగంలో, శుభ్రతోయ అనే నదికి ఉత్తరపు గట్టున రత్నధాన్యమనే పట్టణాన్ని రాజధానిగా చేసుకుని, సత్యసంధుడూ, ప్రజావత్సలుడూ, యజ్ఞాలు చేసి చేసి చేతులకు నేతివాసన వదలనివాడూ అయిన ధర్మరుచి మహారాజు సముద్రపర్యంతమైన భూమిని పాలిస్తూ ఉండేవాడు. ఆయన పట్టమహిషి సుమేధాదేవి. పన్నెండేళ్ళపాటు నోచని నోము లేకుండా నోచి, మొక్కని వేలుపు లేకుండా మొక్కి, ఆ దంపతులు లేకలేక ఒక ఆడపిల్లను కన్నారు. ముత్యంలాగా ఉందని మౌక్తిక అని పేరు పెట్టుకున్నారు. ఆ పసిదాని కథే నేనిప్పుడు చెప్పబోయేది.

ఆ వంశంలో ఒక ఆచారం ఉండేది. ఆచారమనే మాట చెవిన పడితే చేతులు జోడించేవాణ్ణే నేను, నలభై ఏళ్ళుగా పురాణం చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. అయినా ఈ ఆచారం సంగతి చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, ముందే చెబుతున్నాను, మధ్యలో నా గొంతు లేస్తే మన్నించండి.

పదకొండు తరాల కిందట ఆ వంశానికి మూలపురుషుడైన ఊర్జస్వంతుడు ఘోరమైన తపస్సు చేసి, ప్రత్యక్షమైన చతుర్ముఖుణ్ణి, "స్వామీ, నా బిడ్డల నుదుట నీవేం రాశావో తెలుసుకునే దారి చెప్పు" అని వేడుకోగా, ఆ పితామహుడు చిరునవ్వు నవ్వి, "అన్నప్రాశన నాడు పుస్తకం, కత్తి, బంగారం, పువ్వు, మట్టిగడ్డ ఎదురుగా పెట్టి, బిడ్డ దేన్ని పట్టుకుంటుందో చూడు" అని చెప్పి అంతర్ధానమయ్యాడు. అంతే ఆయన అన్నది. ఇవాళ్టికీ మనమంతా మన ఇళ్ళలో చేసే వేడుకే అది. పిల్లవాడు పుస్తకం పట్టుకుంటే మురిసిపోతాం, పాయసం తాగి చేతులు కడుక్కుంటాం. కాని ఆ వంశంవాళ్ళు దాన్ని వేడుకగా ఉండనిచ్చారా? కత్తి తాకిన పసివాణ్ణి అయిదో ఏటనే ఆయుధశాలకు అప్పగించారు. పువ్వు తాకినవాణ్ణి గుడికి అప్పగించారు. వాడికి గుర్రాలంటే ప్రాణమైనా సరే, వినిపించుకున్నవాడు లేడు. తరం తరానికీ వచ్చిన గురువులు తలా ఒక నియమం కలిపారు. వాటిలో కడపటిది ఇది: అయిదింటిలో దేన్నీ తాకని బిడ్డ పుడితే ఆ బిడ్డ శూన్యహస్త. మూడో ఏడు నిండిన మర్నాటి సూర్యోదయానికి వింధ్యకు ఆవలనున్న ముని ఆశ్రమంలో ఆ బిడ్డను విడిచి, తల్లిదండ్రులు మళ్ళీ ముఖం చూడకూడదు. విడవకపోతే రాజ్యంలో పన్నెండేళ్ళు వాన చినుకు పడదు.

పదకొండు తరాల్లో అలాంటి బిడ్డ పుట్టలేదు. పన్నెండో తరంలో మౌక్తిక పుట్టింది.

ఏడో నెలలో శుభముహూర్తాన, సభామంటపంలో, వేదఘోష మిన్నుముట్టుతుండగా సుమేధాదేవి బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. కులగురువైన శుష్కాంగిరసుడు, తపోధనుడు, నియమపాలనలో వజ్రకఠోరుడు, ఎదురుగా పీట మీద అయిదు వస్తువులూ అమర్చాడు. మౌక్తిక పుస్తకాన్ని చూసింది, కత్తిని చూసింది, బంగారాన్నీ పువ్వునూ మట్టినీ వరసగా చూసింది. అంత జనాన్ని, అన్ని గడ్డాలను ఆ పిల్ల పుట్టిన తరవాత అదే మొదటిసారి చూడటం. తల్లి చీర కుచ్చిళ్ళను రెండు గుప్పిళ్ళతో బిగించి పట్టుకుని అలాగే కూర్చుంది. పావు ఘడియ గడిచింది. చెయ్యి చాచలేదు. ముహూర్తం దాటిపోయింది.

"శూన్యహస్త" అన్నాడు శుష్కాంగిరసుడు. రాజు తల దించుకున్నాడు. సభ అంతా ముక్కున వేలేసుకుంది.

ఇక ఆ నాటినుంచి మొదలైంది చూడండి. పసిపిల్ల చేతిలోంచి గిన్నె జారితే, శూన్యహస్త కదా మరి అని దాసీల గుసగుసలు. ఏ పిల్ల చేతిలోంచి గిన్నె జారదు? తోటి పిల్లలు పాకే వయసులో పాకలేదని రాజబంధువులు పెదవి విరిచారు. ఏడాది దాటినా నడవలేదని ఒకావిడ, రెండేళ్ళు వచ్చినా పలకలేదని ఇంకొకావిడ, పరామర్శకు వచ్చినట్టే వచ్చి, తల్లి చూస్తుండగానే పిల్ల చెవి దగ్గర చప్పట్లు కొట్టి, వినపడుతోందో లేదోనని పరీక్షలు చేసి పోయారు. కన్నతల్లి కడుపు ఎంత తరుక్కుపోయి ఉంటుందో ఆ మహాతల్లులకు తట్టలేదు. తట్టదు, వాళ్ళ పిల్లలు వేళకు పాకారు మరి.

రోజులు ఆగవు. మౌక్తికకు మూడేళ్ళు నిండటానికి ఇంక నలభై రోజులే ఉన్నాయనగా, ప్రయాణానికి పల్లకి సిద్ధం చెయ్యమని గురువు సభలో ఆజ్ఞాపిస్తున్న సమయాన, సుమేధాదేవి బిడ్డను చంకన వేసుకుని, తెర తొలగించుకుని నేరుగా సభ నడుమకు వచ్చి నిలబడింది.

"గురువర్యా, ఆనాడు నా బిడ్డ చేతులు ఖాళీగా లేవు. రెండు గుప్పిళ్ళ నిండా నా చీర ఉంది. తమరు పీట వైపు చూస్తున్నారు, ఒళ్ళోకి చూడలేదు."

శుష్కాంగిరసుడు కనురెప్ప కదల్చకుండా, "మహారాణీ, నియమంలో చెప్పిన వస్తువులు అయిదు. తల్లి చీర వాటిలో లేదు" అన్నాడు.

"పసిబిడ్డ ముందు పెట్టవలసిన వస్తువుల్లో తల్లి లేకపోవడం నియమం తప్పా, బిడ్డ తప్పా?"

"పెద్దలు పెట్టిన నియమంలో తప్పు వెదకడానికి మనమెంతవారం, అమ్మా? నాకు మాత్రం ఆ పసిదాని మీద కోపమా? రాజ్యం ఎండిపోతే ప్రజల ఉసురు ఎవరికి తగులుతుందో ఆలోచించు."

సుమేధాదేవి భర్త వైపు తిరిగింది. ధర్మరుచి మంచివాడు, అందులో సందేహం లేదు. బిడ్డను తలచుకుని ఏడ్చిన ఏడుపు ఆయన కళ్ళలో ఇంకా ఎర్రగానే ఉంది. అయినా వానలు, పంటలు, ప్రజలు అని నీళ్ళు నమిలాడు. ఆ నీళ్ళు నమలడం చూస్తే మాత్రం ఆవిడకు అరికాలిమంట నెత్తికెక్కింది.

"ప్రభూ, యుద్ధంలో మీ ఒంటి మీద పదిహేడు గాయాలయ్యాయని వందిమాగధులు రోజూ పాడుతుంటే వింటున్నాను. ఒక్క మాట అడగడానికి ఇంత భయమేమిటి మీకు? మీరు అడగకపోతే నేనే అడుగుతాను. ఇక్కడ కాదు, రాసినవాణ్ణే అడుగుతాను" అని, మారు మాటకు చోటివ్వకుండా వెనుదిరిగి, ఒక దాసిని గాని ఒక భటుణ్ణి గాని వెంట రానివ్వకుండా, శుభ్రతోయానది ఎగువన జనసంచారం లేని ఇసుకతిన్నె మీదికి వెళ్ళి తపస్సుకు కూర్చుంది.

అయ్యా, తపస్సులు మీరు చాలా విని ఉంటారు. పంచాగ్నుల మధ్య నిలబడినవారు, ఒంటికాలి మీద నిలిచి గాలి మాత్రం భుజించినవారు, పుట్టలు పెరిగినా చలించనివారు. వారందరికీ నమస్కారం. కాని వారిలో ఒక్కరైనా చంకలో మూడేళ్ళ పిల్లతో తపస్సు చేశారా? సుమేధాదేవి కళ్ళు మూసుకుని ప్రణవం మొదలుపెట్టిందో లేదో, మౌక్తిక ఆమె కనురెప్పలను వేళ్ళతో విప్పి, లోపల అమ్మ ఉందో లేదో చూసేది. పద్మాసనం వేస్తే ఆ ఒళ్ళో ఎక్కి కూర్చునేది. ముక్కు కొస మీద దృష్టి నిలిపితే ఆ ముక్కు పట్టుకుని లాగేది. ఆకలి, దాహం, ఇసుక కంట్లో పడటం, పక్షిని పట్టి ఇమ్మని మారాం, ఊరికే కూడా ఏడుపు. రోజుకు నలభైసార్లు తపస్సు చెడేది. నలభైసార్లూ ఆ తల్లి లేచి, బిడ్డ పని చూసి, కళ్ళు తుడిచి, మళ్ళీ వచ్చి మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టేది. ఈవిడ తపస్సు భంగం చేయడానికి అప్సరసలను పంపుదామా అని దేవతలు అడిగితే, ఇంద్రుడు తల అడ్డంగా ఊపి, ఇంతకంటె మనం చేయగలిగిందేముంది అన్నాడట.

ఇలా ముప్ఫై ఏడు రోజులు గడిచాయి. నలభైసార్లు చెడిన తపస్సును నలభైసార్లూ మొదటినుంచి చేసే దీక్ష ముల్లోకాల్లో ఎవరికీ లేదని తెలిసి, సత్యలోకంలో కమలాసనుడి ఆసనం వేడెక్కింది. ముప్ఫై ఎనిమిదో నాడు నడిమధ్యాహ్నం, హంసవాహనం దిగి, పక్కన వీణాపాణి అయిన శారదాదేవి తోడు రాగా, హిరణ్యగర్భుడు ఆ ఇసుకతిన్నె మీద ప్రత్యక్షమయ్యాడు. దిక్కులు వెలిగాయి. సరిగ్గా అప్పుడు సుమేధాదేవి బిడ్డకు పప్పన్నం తినిపిస్తోంది.

"సాధ్వీ, నీ తపస్సుకు మెచ్చాను. వరం కోరుకో" అన్నాడు బ్రహ్మ నాలుగు నోళ్ళతో.

"ఈ నాలుగు ముద్దలూ అయ్యేదాకా కొంచెం ఆగు స్వామీ. మధ్యలో లేస్తే మళ్ళీ తినదు" అంది సుమేధ, తల తిప్పకుండానే.

సృష్టికర్త ఆగాడు. శారదాదేవి నవ్వు దాచుకోవడానికి వీణ తంతులు సరిచేసుకుంటున్నట్టు తల వంచుకుంది. మూడో ముద్ద బుగ్గన పెట్టుకుని, నాలుగోది వద్దని మౌక్తిక తల తిప్పేసుకున్నాక, సుమేధాదేవి లేచి, చేతులు కడుక్కుని, సాష్టాంగపడి, లేచి నిలబడి, ఇన్నేళ్ళుగా గొంతులో పెట్టుకున్నదంతా ఒక్కసారిగా చెప్పసాగింది.

"స్వామీ, ఈ పిల్లను నేను వెయ్యిరోజులకు పైగా చూస్తున్నాను. అందరిలా పాకలేదు, నిజమే. కూర్చున్నచోటి నుంచే దేకుతూ ఇల్లంతా తిరిగింది. పాకాలంటే రెండు అరచేతులూ నేలకు ఆనాలి, ఈమె చేతిలో ఎప్పుడూ వంటింటి గరిటె ఉండేది, దాన్ని వదలడం ఇష్టం లేదు. నడక పదహారో నెలలో వచ్చింది. అంతకు రెండు నెలల ముందే, ఎవరూ లేనప్పుడు స్తంభం పట్టుకుని రెండడుగులు వేయడం తెర వెనకనుంచి నేను చూశాను. నన్ను చూడగానే చతికిలబడి ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టింది. నలుగురి ముందూ పడటం ఈమెకు నచ్చదు. మాట రెండేళ్ళు దాటాక వచ్చింది. మొదటి మాట అమ్మ అని ఉంటుందని కాచుకుని కూర్చున్నాను. వద్దు, అంది. ఆ పూట నాకు కొంచెం కష్టం తోచింది, దాచడమెందుకు? తరవాత నెల తిరక్కుండా, పట్టపుటేనుగు తన మీదికి తొండం చాచితే కదలకుండా నిలబడి వద్దు అంది, అది తొండం వెనక్కి తీసుకుంది. ధైర్యవంతురాలని పొంగిపోయాను. ఆ సాయంత్రమే గాలికి తలుపు కొట్టుకుంటే జడుసుకుని నా మెడ వదల్లేదు. చీమల బారు కనిపిస్తే తొక్కకుండా చుట్టూ తిరిగి పోతుంది, దయగల తల్లి అనుకుంటాను. నిన్న ఒక చీమను పట్టి నోట్లో వేసుకుంది. చెప్పులు తారుమారుగా తొడుగుతుంది. నేను సరిచేస్తే విప్పి పారేసి, మళ్ళీ అలాగే తొడిగి, నేనే అంటుంది. మొన్నటిదాకా దాగుడుమూతలంటే తన కళ్ళు మూసుకోవడమే. ఈ నెలలో నిజంగా దాక్కోవడం వచ్చింది, నిన్న పొదవెనక దాక్కుంటే వెదకలేక నా గుండె ఆగినంత పనయింది. ఏ రోజుకారోజు, ఇదిగో ఇదీ నా బిడ్డ స్వభావం అని ఒకటి అనుకుంటాను. తెల్లారేసరికి అది అబద్ధమైపోతుంది. కన్నదాన్ని, క్షణం ఎడబాయనిదాన్ని, నాకే ఈ పిల్ల ఇంకా పట్టుబడలేదే. ఏడో నెలలో పావు ఘడియ చూసిన పెద్దమనుషులకు నిండు నూరేళ్ళ బతుకు ఎలా తెలిసిపోయింది? పైగా ఈమె గుప్పిట తెరవకపోతే వాన పడదట. ఇంక మూడు నాలుగు రోజుల్లో ఈమెను నా చంకలోంచి తీసుకుపోతారు. ఇది నీ మాటేనా?"

బ్రహ్మ ముఖాలు నాలుగూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. "పట్టుకునేది చూడమన్నాను. చూసి ఆనందిస్తారనుకున్నాను. శూన్యహస్త అన్న మాట నాది కాదు, బిడ్డను విడవమన్న మాట నాది కాదు. మేఘాలకూ పసిపిల్ల గుప్పిటికీ సంబంధమేమిటి?"

"నీవు అనలేదు, సరే. పదకొండు తరాలుగా నీ పేరు చెప్పి అంటున్నారు. ఎనిమిది చెవులున్నాయి కదా స్వామీ నీకు, ఒక్క చెవినైనా పడలేదా? పువ్వు తాకాడని గుడికి అప్పగిస్తే గుర్రాల కోసం ఏడ్చిన పిల్లవాడి ఏడుపు వినపడలేదా? విని ఊరుకున్నావా?"

లోకాలను పుట్టించినవాడు ఇసుక వైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు శారదాదేవి, "నాథా, ఆమె అడిగినదానికి మీ దగ్గర సమాధానం లేదు. వేదాల్లో వెదికినా దొరకదు, నాకు తెలుసు" అంది మెల్లగా.

ఈ పెద్దవాళ్ళ గొడవ మౌక్తికకు పట్టలేదు. నాలుగు ముఖాలున్న మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, మిగిలిపోయిన పప్పన్నం ముద్దను గిన్నెలోంచి తీసి, మూడు పిడికెళ్ళు చేసి, వంగమని సైగచేసి, కనిపించిన నోటికల్లా ఒక్కొక్కటి పెట్టింది. మూడు నోళ్ళకు సరిపోయింది. నాలుగో నోరు తెరుచుకుని ఉంది, గిన్నెలో మెతుకు లేదు. పిల్ల కాసేపు ఆలోచించి, తన బుగ్గన దాచుకున్న ముద్దను తీసి ఆ నాలుగో నోట్లో పెట్టి, చెయ్యి పావడాకు తుడుచుకుంది.

విశ్వస్రష్ట కళ్ళు ఎనిమిదీ చెమర్చాయి. యజ్ఞాల్లో హవిస్సు ఎంతో తిన్నాడు గాని ఎవరూ ఆయనకు ముద్ద పెట్టలేదు. ఆనందబాష్పాలు రాలుస్తూ కుడిచెయ్యి ఎత్తి, మేఘగంభీరమైన స్వరంతో, "సుమేధా, నీవు ధన్యురాలివి. నోటిలోని దాన్నే తీసిచ్చిన ఈ బిడ్డ మున్ముందు మహాదాతయై, అన్నదానంలో..." అని మొదలుపెట్టాడో లేదో,

"ఆగు స్వామీ" అంది సుమేధాదేవి. "నీవు కూడా మొదలుపెట్టావా? పొద్దున్న ఇదే పిల్ల, పండులో చిన్న ముక్క అడిగితే నా చెయ్యి కొరికింది. ఇదిగో పళ్ళ గుర్తులు. శూన్యహస్త అన్నా మహాదాత అన్నా నా బిడ్డ మెడకు కట్టే తాడు ఒకటే. రేపు ఈమెకు ఇవ్వబుద్ధి పుట్టకపోతే, బ్రహ్మవాక్కు తప్పిందని లోకం ఈమెనే కదా ఆడిపోసుకునేది? ముద్ద పెట్టింది, తిన్నావు, బాగుంది. అంతటితో ఉండనివ్వు."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ముల్లోకాల్లో తన ఆశీర్వాదాన్ని మధ్యలో ఆపినవారు అదివరకు లేరు. కోపం వస్తుందేమోనని దిక్పాలకులు ఊపిరి బిగబట్టారు. పితామహుడు చెయ్యి దించాడు.

"తల్లీ, నీవన్నది నిజం. రాసేవాడికి కూడా రాసినది పైకి చదవాలనే తొందర ఉంటుంది. అది తప్పని ఇవాళ నీవల్ల తెలిసింది. కావలసింది అడుగు."

"ఏ బిడ్డ నుదుట ఏముందో ఎవరూ చదవకూడదు. గురువులూ, బంధువులూ, నీవూ. తల్లిదండ్రులం మేమూ. మా తొందర కూడా తక్కువదేం కాదు, నా సంగతి చెప్పాను కదా."

"మౌక్తిక నుదుట నేను రాసినది నీ ఒక్కదానికి చెప్పమంటావా?"

ఆ తల్లి ఒక్క క్షణం బిడ్డ నుదుటి వైపు చూసింది. అబద్ధమెందుకు, తెలుసుకోవాలని ఆమెకు లేకపోలేదు. "చెప్పకు స్వామీ" అంది.

అప్పుడు చతురాననుడు, శారదాదేవి సాక్షిగా, "నేటినుంచి నేను రాసే రాత చర్మం కింద దాగి ఉండుగాక. మునుల తపోదృష్టికి అందకుండుగాక. రాసిన మరుక్షణం నాకు సైతం జ్ఞాపకం ఉండకుండుగాక. బిడ్డ తానుగా బతికి చూపేదాకా దాన్ని చదివేవాడు లేకుండుగాక. అన్నప్రాశన నాటి వేడుక వేడుకగానే నిలుచుగాక" అని వరమిచ్చి, బిడ్డ పెట్టిన ముద్ద రుచి నాలుగు నోళ్ళలో ఉండగానే హంసనెక్కి సత్యలోకానికి వెళ్ళిపోయాడు.

సుమేధాదేవి నగరానికి తిరిగివచ్చి, సభలో జరిగినది జరిగినట్టు చెప్పింది. ఆకాశవాణి అవునని పలికింది. శుష్కాంగిరసుడు లేచి బిడ్డ నుదుటి వైపు తపోదృష్టి సారించి చూశాడు. పప్పు మరక తప్ప ఏమీ కనపడలేదు. ముసలివాడు, "అమ్మా, పెద్దల మాట కాబట్టి నిజమనుకున్నాను. బిడ్డను ఒక్కసారి కూడా ఎత్తుకుని చూడలేదు" అని చేతులు జోడించాడు. ధర్మరుచి సింహాసనం దిగి వచ్చి, భార్య చంకలోంచి బిడ్డను అందుకుని, ఆ పల్లకిని విప్పించి కట్టెలు వంటశాలకు పంపించాడు. మూడో ఏడు నిండింది, మర్నాడు సూర్యుడు ఉదయించాడు, మౌక్తిక ఆలస్యంగా నిద్రలేచి పాలు వద్దంది. ఆషాఢం రాగానే ఏటా పడినట్టే వానలు పడ్డాయి.

అన్నట్టు, ఈ కథ చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు లేచి, ఆ మౌక్తిక పెద్దయ్యాక ఏమైందండీ, మహారాణి అయిందా, తపస్విని అయిందా అని అడుగుతారు. ఇంతసేపూ ఏం విన్నారు నాయనా మీరు? ఆ తల్లి ముప్ఫై ఎనిమిది రోజులు ఇసుకలో కూర్చుని, బ్రహ్మ నోరు మూయించి సంపాదించినది ఆ ప్రశ్న నుంచి విడుదలే. నేను చెప్పను. ఈ కథ భక్తితో విన్నవారికి కలిగే ఫలం ఒక్కటే. ఇంటికి వెళ్ళాక మీ పసిపిల్ల ఏం చేస్తోందో చూడండి, చూసి ఊరుకోండి.